కొనేవాళ్లు దొరికినా కంటైనర్ ఎందుకు కదలదు? చిన్న ఫర్నిచర్ కార్ఖానాల ఎగుమతి కష్టాలు

చేత్తో ఫర్నిచర్ చేసే చిన్న కార్ఖానాలు విదేశాలకి అమ్ముకోడానికి సాయం చెయ్యాలి అనే మాట రాగానే ఎక్కువగా జరిగేవి రెండే పనులు, ఒకటి ట్రైనింగ్ పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం, రెండోది ఏదో ఎగ్జిబిషన్‌లో సబ్సిడీ మీద స్టాల్ ఇప్పించడం. రెండూ అవసరమే. కానీ స్టాల్ దగ్గర బయ్యర్ ఆగి, కుర్చీ బాగుందని మెచ్చుకుని, కార్డు ఇచ్చి వెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చే మెయిల్‌లో నగిషీ గురించి ఒక్క ముక్క ఉండదు. చెక్కలో తేమ ఎంత శాతం, ఈ చెట్టు ఎక్కడ కొట్టారు, దానికి కాగితం ఉందా, 40 అడుగుల కంటైనర్‌లో ఎన్ని పీసులు పడతాయి, సరుకు ఓడ ఎక్కిన తర్వాత డబ్బులిస్తే సరేనా అని అడుగుతారు. నలుగురు పనివాళ్లతో నడిచే కార్ఖానా వీటికి ఒక్కటే నిలబడి జవాబు చెప్పలేదు, మేస్త్రి ఎంత పనిమంతుడైనా సరే. ఇవన్నీ పదిమంది కలిస్తేనే అయ్యే పనులు, కాబట్టి సాయం పడాల్సింది కూడా సరిగ్గా అక్కడే.

ఇది తెలియాలంటే జోధ్‌పూర్‌ని చూడాలి. ఎడారి అంచున ఉన్న ఊరు, చుట్టుపక్కల చెప్పుకోదగ్గ కలప అడవి లేదు, షీషమ్ అనే గట్టి కలప పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి రావాలి, మామిడి చెక్క కూడా బయటి నుంచే రావాలి, గుజరాత్ తీరంలోని ముంద్రా ఓడరేవు కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా దేశంలో చెక్క ఫర్నిచర్ ఎగుమతి అంటే మొదట వినిపించే పేర్లలో జోధ్‌పూర్ ఒకటి. 1980ల చివర్లో, 90లలో విదేశీ వ్యాపారులు పాత హవేలీల తలుపులు, కిటికీలు, భోషాణాలు కొనుక్కోడానికి ఇక్కడికి వచ్చేవాళ్లు, పాత సరుకు తగ్గిపోతుంటే అలాంటివే కొత్తవి చేసిపెట్టమని అడిగారు, అక్కడి నుంచి ఊరి దశ తిరిగింది. బోరానాడా, బాస్నీ పారిశ్రామిక వాడల్లో చెక్క ఆరబెట్టే కిల్న్‌లు, పాలిష్ షెడ్లు, ప్యాకింగ్ వాళ్లు, కస్టమ్స్ ఏజెంట్లు, బయ్యింగ్ ఏజెంట్లు, ఊళ్లోనే కంటైనర్‌కి సీలు వేసి పంపే డ్రై పోర్టు, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరాయి. చెట్టు ఎక్కడున్నా ఫర్వాలేదు, చెట్టుకీ ఓడకీ మధ్య జరగాల్సిన పనులన్నీ ఒకేచోట ఉంటే చాలు అని జోధ్‌పూర్ రుజువు చేసింది.

అయితే ఇదే ఊళ్లో ఇంకో నిజం కూడా ఉంది. బయ్యర్‌తో మాట్లాడేది ఎగుమతిదారు, సందుల్లో ఉన్న చిన్న కార్ఖానా చేసేది జాబ్ వర్క్. చాలాసార్లు పాలిష్ లేని ఫ్రేము చేసి ఎగుమతిదారు ఫ్యాక్టరీకి అప్పజెప్తారు, అక్కడ ఆరబెట్టడం, ఫినిషింగ్, క్వాలిటీ చెకింగ్, ప్యాకింగ్ జరుగుతాయి. లాభం ఎక్కువగా మిగిలేది ఈ చివరి పనుల దగ్గరే, ఎందుకంటే రిస్క్ మోసేది కూడా అక్కడే. ఈ ఎగుమతిదారుని మధ్యవర్తి అని తిట్టి ఆయన్ని తీసేస్తే అంతా బాగుపడుతుంది అనుకోవడం సరికాదు, ఆయన చేసే పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. చిన్నవాళ్లు కలిసి ఆ పనిలో కొంత భాగమైనా తమ చేతుల్లోకి తీసుకోగలరా అన్నదే చూడాల్సిన విషయం.

ముందు తేమ సంగతి, ఎందుకంటే సరుకు వాపసు వచ్చే గొడవల్లో పెద్ద గొడవ ఇదే. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి నీళ్లు పీల్చుకుంటుంది, వదిలేస్తుంది, నరికి పదేళ్లయినా ఈ గుణం పోదు. వానాకాలంలో మన కోస్తా ఊళ్లో బయట ఉంచిన చెక్కలో తేమ 15 శాతం దాటడం మామూలే, అదే చెక్క చలికాలంలో హీటర్ నడిచే అమెరికా ఇంట్లోకి వెళ్తే నెమ్మదిగా 6, 7 శాతానికి దిగిపోతుంది. దిగేటప్పుడు అడ్డంగా కుంచించుకుపోతుంది, మూడడుగుల వెడల్పు టేబుల్ పైభాగం ఒక సెంటీమీటరు పైనే తగ్గొచ్చు. ఆ కదలికకి చోటివ్వకుండా కింద నాలుగు వైపులా స్క్రూలు బిగించి ఉంటే పలక మధ్యలో చీలిపోతుంది, లేదా జాయింట్లు విడిపోతాయి. ఇక్కడ షోరూంలో ఏడాదిగా చెక్కుచెదరని టేబుల్ అక్కడ మూడు నెలల్లో పగిలిందంటే మేస్త్రి పని చెడ్డదని కాదు, ఆ ఇంటి గాలి కోసం దాన్ని తయారు చెయ్యలేదు అంతే. అందుకే ఎగుమతి ఆర్డర్లలో 8 నుంచి 12 శాతం తేమ అని రాసి మరీ అడుగుతారు. ఎండలో ఆరబెడితే అంత కిందకి దిగడం కష్టం, దానికి కిల్న్ కావాలి. కిల్న్ కొనడం ఒక్క కార్ఖానా వల్ల కాదు, కొన్నా నింపడానికి సరిపడా చెక్క వాళ్ల దగ్గర ఉండదు, పైగా ఒకే రకం, ఒకే మందం ఉన్న చెక్క పెడితేనే సమానంగా ఆరుతుంది. రెండు మూడు వేలకి దొరికే తేమ మీటరు మాత్రం ప్రతి కార్ఖానాలో ఉండొచ్చు, ఉండాలి కూడా, కొనేటప్పుడు, కోసేటప్పుడు, ప్యాక్ చేసేటప్పుడు మూడుసార్లు చూసి పుస్తకంలో రాసుకునే అలవాటు ఒక్కటే ఎన్నో వాపసుల్ని ఆపుతుంది.

తర్వాతది చెక్క కాగితాలు. షీషమ్‌కి జరిగింది చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. 2016లో జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ (అంతరించిపోయే ప్రమాదం ఉన్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని, అంటే డాల్బెర్జియా చెట్లన్నిటినీ రెండో అనుబంధంలో, అంటే అనుమతి ఉంటేనే దేశం దాటించాల్సిన వాటి జాబితాలో పెట్టారు, 2017 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. చైనా ఖరీదైన ఫర్నిచర్ కోసం ఆఫ్రికా, ఆగ్నేయాసియా అడవుల్లో రోజ్‌వుడ్‌ని విచ్చలవిడిగా నరికేస్తుండటం దానికి కారణం. అది నిజంగా ఆపాల్సిన విధ్వంసమే. కానీ మన షీషమ్ కూడా అదే కుటుంబం, పొలం గట్ల మీద, కాలువల పక్కన నాటి పెంచే చెట్టు, అంతరించిపోయే ప్రమాదం లేనిది, అయినా అదే జాబితాలో పడింది. దాంతో కన్సైన్‌మెంట్‌కి అనుమతి పత్రం కావాల్సొచ్చింది. షీషమ్ సరుకు ఎగుమతి ఏడాదికి సుమారు 1000 కోట్ల రూపాయల నుంచి 500, 600 కోట్లకి పడిపోయిందని, దాదాపు 50 వేల మంది పనివాళ్ల మీద దెబ్బ పడిందని ఎగుమతిదారులు చెప్పిన లెక్కని కేంద్రమే ప్రకటించింది. షీషమ్‌ని జాబితా నుంచి తీసెయ్యమని 2019 జెనీవా సమావేశంలో అడిగినా ఫలించలేదు. చివరికి 2022 నవంబర్‌లో పనామా సమావేశంలో కొంచెం ఊపిరి ఆడింది, ఒక్కో వస్తువులో చెక్క బరువు 10 కిలోల లోపు ఉంటే ఒకే కన్సైన్‌మెంట్‌లో ఎన్ని వస్తువులున్నా సైటిస్ పర్మిట్ అక్కర్లేదని స్పష్టం చేశారు, ఇనుము, ఇత్తడి లాంటి భాగాల బరువు అందులో కలపరు. కానీ డైనింగ్ టేబుల్, మంచం, బీరువా 10 కిలోల్లో రావు కదా, అంటే ఈ వెసులుబాటు స్టూళ్లకీ ట్రేలకీ పెట్టెలకీ పనికొచ్చినంతగా పెద్ద ఫర్నిచర్‌కి పనికిరాలేదు.

ఈ మొత్తంలో చిన్నవాళ్లకి దెబ్బ ఎక్కడ తగిలిందంటే బిల్లు దగ్గర. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి, అందరూ ఇపీసీహెచ్ అనేది, వృక్ష్ అనే పేరుతో కలప చట్టబద్ధంగా వచ్చిందని చూసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి నడుపుతోంది, అది చాలా ఉపయోగపడింది. కానీ ఆ సర్టిఫికెట్‌కి ఆధారం చెక్క కొన్న బిల్లూ, రవాణా కాగితాలూ. చిన్న కార్ఖానా రంపపు మిల్లులో నాలుగు దిమ్మలు నగదుకి కొని ఆటోలో వేసుకొస్తుంది, బిల్లు అడిగితే రేటు పెరుగుతుంది, అడక్కపోతే ఎగుమతికి పనికిరాదు. అదే ముప్పై కార్ఖానాలు కలిసి లారీ లోడు కొంటే బిల్లు దానంతటదే వస్తుంది, రేటూ తగ్గుతుంది. ఎర్రచందనం వల్ల చెక్కకి కాగితం లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ ఇప్పుడు ఆ రోజు మామిడి చెక్కకి కూడా వస్తోంది. అక్రమంగా తెచ్చిన వన్యప్రాణుల వ్యాపారాన్ని ఆపే అమెరికా లేసీ చట్టం 2008 సవరణతో చెక్క సరుకుని కూడా పరిధిలోకి తెచ్చుకుంది. యూరోపియన్ యూనియన్ 2023లో అడవుల నరికివేతకి వ్యతిరేకంగా తెచ్చిన చట్టం ప్రకారం చెక్క ఫర్నిచర్ అమ్మాలంటే ఆ చెట్టు పెరిగిన స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించాలి, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టేసిన నేల కాకూడదు. దాని అమలు ఒకసారి కాదు రెండుసార్లు వాయిదా పడింది. వాయిదా అంటే రద్దు కాదు, జర్మనీ బయ్యర్ ఇప్పటి నుంచే అడుగుతాడు. రైతు తోటలో పాత మామిడి చెట్టు కొట్టినప్పుడు ఫోన్‌లో లొకేషన్ తీసి, సర్వే నంబర్‌తో పాటు బిల్లు మీద రాయించుకోవడం పెద్ద కష్టం కాదు, కానీ చెట్టు కొనే దళారీ దగ్గర మొదలై మిల్లు దాకా ఆ కాగితం చెక్కతో పాటు నడవాలి, అది ఒక్క వడ్రంగి పట్టుబడితే అయ్యేది కాదు.

ప్యాకింగ్ దగ్గర జరిగే నష్టం ఎవరికీ కనపడదు గానీ చాలా పెద్దది. ఫర్నిచర్‌లో ఓడ కిరాయి కట్టేది ఎక్కువగా గాలికే. ఉదాహరణకి 180 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు, 76 ఎత్తు ఉన్న డైనింగ్ టేబుల్ కాళ్లు బిగించి పంపితే దాదాపు 1.23 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది. కాళ్లు విప్పి పక్కన పెట్టి 190, 100, 15 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే 0.29 కూడా దాటదు. 40 అడుగుల హై క్యూబ్ కంటైనర్‌లో వాడుకోగలిగింది 68 ఘనపు మీటర్లు అనుకుంటే మొదటి పద్ధతిలో 55 టేబుళ్లు, రెండో పద్ధతిలో 230 పైన. కిరాయి అదే. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చినప్పుడు కిరాయిలు పెరిగితే నగలు పంపేవాళ్లకంటే ఫర్నిచర్ పంపేవాళ్లు ఎక్కువ నలిగింది ఇందుకే. కాబట్టి డిజైన్ సాయం అంటే కొత్త పువ్వు చెక్కడం నేర్పడం కంటే, నగిషీ చెడకుండా కాళ్లు విప్పి బిగించుకునేలా బోల్టు జాయింటు ఎలా పెట్టాలి, బోల్టు బెజ్జాలు ప్రతి పీసులో ఒకేచోట రావడానికి జిగ్ అనే కొలత అచ్చు ఎలా చేసుకోవాలి అన్నది నేర్పడం ముందు కావాలి. వంద టేబుళ్లలో ఏ కాలు ఏ టేబుల్‌కైనా సరిపోవాలి, చేతిపని అలవాటున్న చోట ఇది అంత తేలిక కాదు, ప్రతి కాలూ దాని టేబుల్‌కే చెక్కుకుంటూ పోవడం అలవాటు. చెక్క పెట్టెలు, ప్యాలెట్ల విషయంలో ఇంకో నియమం ఉంది, ఐఎస్‌పీఎమ్ 15 అంటారు, చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి, లేదా ఫ్యూమిగేషన్ చెయ్యాలి, అలా చేసినట్టు చెక్క మీద ముద్ర లేకపోతే లోపలి ఫర్నిచర్ ఎంత బాగున్నా పోర్టులో ఆపేస్తారు.

డబ్బు తిరిగే లెక్క ఇంకా కఠినం. ఆర్డరుకి 30 శాతం అడ్వాన్స్, మిగతాది ఓడ ఎక్కిన కాగితం చూపించాక అనేది కొంచెం మంచి షరతు కింద లెక్క. చెక్క కొనడం, ఆరబెట్టడం, చెయ్యడం, పాలిష్ అన్నీ కలిపి రెండు మూడు నెలలు, ఓడలో నెల పైన, పెద్ద స్టోర్లయితే సరుకు చేరాక ఇంకో 60, 90 రోజులు గడువు అడుగుతాయి. అన్నాళ్లు కూలీలకి వారం వారం ఇవ్వాలి. అందుకే చాలామంది సొంత పేరు మీద ఎగుమతి కంటే జాబ్ వర్క్ నయం అనుకుంటారు, అది తెలివితక్కువ కాదు, చేతిలో డబ్బు లేనప్పుడు అదే సరైన లెక్క. ఎంఎస్ఎంఈలకి, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకి ఎగుమతి అప్పు మీద వడ్డీ తగ్గించే పాత పథకం 2024 డిసెంబర్ 31తో ముగిసింది. 2025 నవంబర్‌లో 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ని కేంద్ర కేబినెట్ ఆమోదించింది, అందులో అప్పు సాయం ఒక ముఖ్యమైన భాగం, అది బ్యాంకు మేనేజర్ టేబుల్ దాటి నలుగురి కార్ఖానా దాకా వస్తుందా అన్నదే చూడాలి. బయ్యర్ డబ్బు ఎగ్గొడితే ఆదుకోడానికి ఈసీజీసీ బీమా ఉంది, 1957 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థ అది, మొదటిసారి పంపేవాళ్లు ఆ ప్రీమియం దగ్గర మాత్రం పొదుపు చెయ్యకూడదు.

జాబ్ వర్క్‌లోనే ఉండిపోయేవాళ్లకి కూడా ఒక ఆయుధం ఉంది, దాని గురించి ఊళ్లల్లో చెప్పేవాళ్లే తక్కువ. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకి కొన్న కంపెనీ గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బులివ్వాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే అసలు డబ్బు చేతికిచ్చిన ఏడాది దాకా ఆ ఖర్చుని ఇన్‌కంటాక్స్‌లో చూపించుకోడానికి వీల్లేదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉచితం. ఇది లేని కార్ఖానా ఈ హక్కు అడగలేదు.

మిగతా కాగితాల గురించి భయం ఎక్కువ, కష్టం తక్కువ. ఎగుమతి కోడ్ ఆన్‌లైన్‌లో 500 రూపాయలకి వస్తుంది, జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఏడాదికోసారి ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేసుకుంటే సరి, ఇపీసీహెచ్ సభ్యత్వం ఉంటే గ్రేటర్ నోయిడాలో ఏడాదికి రెండుసార్లు జరిగే ఫెయిర్‌లో చోటు అడగొచ్చు. ఒక మంచి ఆడిటర్ ఉంటే ఇవి వారాల్లో అయిపోతాయి, ట్రైనింగ్ ప్రోగ్రాముల్లో సగం టైమ్ వీటికే పోవడం బాధగా ఉంటుంది.

ఇండోనేషియాలో జెపారా అనే ఊరు ఈ విషయంలో గమనించాల్సింది. సెంట్రల్ జావాలో టేకు, మహోగని మీద నగిషీ చెక్కే చిన్న కార్ఖానాలు వేలల్లో ఉన్నాయి. 1997-98 ఆర్థిక సంక్షోభంలో ఆ దేశపు కరెన్సీ రుపియా విలువ పడిపోవడంతో ఎగుమతులు ఒక్కసారిగా పెరిగాయి, తర్వాత టేకు ధర పెరిగి, చైనా వియత్నాం పోటీకొచ్చి చిన్నవాళ్లు దెబ్బతిన్నారు. అక్కడ అడవుల పరిశోధన సంస్థ సిఫోర్ ఏళ్ల తరబడి వాళ్లతో పనిచేసి చిన్న తయారీదారులు సొంతంగా సంఘం పెట్టుకునేలా చేసింది. కలప చట్టబద్ధతకి ఆ దేశం పెట్టుకున్న ఎస్‌వీఎల్‌కే పద్ధతిలో చిన్న యూనిట్లు గ్రూపుగా ఒకే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆ పద్ధతిని యూరప్ ఒప్పుకుని 2016 నవంబర్ నుంచి ఇండోనేషియా లైసెన్సు ఉన్న కలపకి విడిగా తనిఖీ అక్కర్లేదంది, అలాంటి గుర్తింపు పొందిన మొదటి దేశం అదే. ఒక్కో కార్ఖానా ఒక్కో సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే వీళ్లలో ఎవరూ మిగిలేవాళ్లు కాదు.

మన దగ్గరికొస్తే నిర్మల్ ఫర్నిచర్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది, హైదరాబాద్ డ్రై పోర్టు 44వ నంబర్ హైవే మీద కొన్ని గంటల ప్రయాణం. కానీ నిర్మల్ అందం అంతా రంగులో ఉంది, చిక్కు కూడా అక్కడే ఉంది, ఎందుకంటే అమెరికాలో ఇళ్లలో వాడే రంగు వేసిన ఫర్నిచర్ పూతలో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదు. బజార్లో దొరికిన డ్యూకో రంగు డబ్బా తెచ్చి వేస్తే అందులో సీసం ఎంతుందో కళాకారుడికి తెలిసే దారి లేదు, ల్యాబ్ టెస్టు చేయించాలి. ఏటికొప్పాక ఈ గండాన్ని ఎలా దాటిందో అందరికీ తెలిసిందే, రసాయన రంగులు వదిలి చెట్ల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపి వాడటం మళ్లీ మొదలుపెట్టారు, ఆ పని ముందుండి నడిపించిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి పనికొచ్చిన జాగ్రత్త పీటకీ, స్టూలుకీ, ఉయ్యాల బల్లకీ కూడా పనికొస్తుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తేలిక, మెత్తన, బొమ్మలకి సరే గానీ బరువు మోసే ఫర్నిచర్‌కి వేరే కలప కావాలి, దానికీ కాగితం కావాలి.

బయట ఉన్న తెలుగువాళ్లు ఇందులో ఒక నిజమైన మార్కెట్. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్నవాళ్లు దేవుడి మందిరం, పీటలు, ఉయ్యాల బల్ల కోసం వెతుకుతారు, అక్కడి మామూలు షాపుల్లో అవి అంత తేలిగ్గా దొరకవు. వాళ్లకి నగిషీ ఏది మంచిదో తెలుసు, కొనేముందు ఫోన్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, ఆరంభానికి ఇంతకంటే మంచి బయ్యర్లు దొరకరు. విడిభాగాలుగా విప్పి పెట్టెల్లో పంపేలా మందిరం చెయ్యగలిగితే పూర్తి కంటైనర్ అక్కర్లేదు, నలుగురి సరుకు ఒక కంటైనర్‌లో కలిపి పంపించొచ్చు, చిన్న పీటల్లాంటివి పోస్టాఫీసుల్లో 2022 నుంచి పెట్టిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా కూడా వెళ్తాయి. అయితే ఈ మార్కెట్ చిన్నది, పండగల సీజన్‌కి కట్టుబడింది, దీన్ని నమ్ముకుని వంద కార్ఖానాలు బతకవు. పైగా 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఒక్క దేశం మీదే ఆధారపడ్డ జోధ్‌పూర్ ఎగుమతిదారులే అల్లాడిపోయారు, రేట్లు మళ్లీ మారొచ్చు గానీ ఆ దెబ్బ గుర్తుంచుకోవాల్సిందే.

మరి ఉమ్మడి సౌకర్యాలకి పథకాలు లేవా అంటే ఉన్నాయి, సంప్రదాయ పరిశ్రమల కోసం 2005లో మొదలైన స్ఫూర్తి అనే పథకం ఉంది, ఎంఎస్ఎంఈ క్లస్టర్ పథకం ఉంది, రెండూ కామన్ ఫెసిలిటీ సెంటర్‌కి డబ్బులిస్తాయి. చిక్కు ఎక్కడంటే డబ్బు ఎక్కువగా భవనానికీ మిషన్లకీ పోతుంది, రోజూ నడిపే మనిషికి పెద్దగా రాదు. కిల్న్ ఒక లోడు ఆరబెట్టడానికి చెక్క మందాన్ని బట్టి వారం నుంచి మూడు వారాలు పడుతుంది, ఆ రోజులన్నీ రాత్రీ పగలూ వేడి, తేమ చూస్తూ మార్చే ఆపరేటర్ ఉండాలి, తేడా వస్తే లోడు మొత్తం వంకర పోతుంది. అందుకే మొదటి రోజు నుంచే ఘనపుటడుగుకి ఇంత అని ఫీజు పెట్టి, అందులోంచే కరెంటు బిల్లు కట్టాలి, మొదటి మూడేళ్లు దాటాక ఆపరేటర్ జీతం కూడా అందులోంచే రావాలి, ఉచితం అని మొదలుపెట్టినవి గ్రాంటు అయిపోగానే తాళం పడతాయి. ఎవరి చెక్క ముందు లోపలికి వెళ్లాలో చెప్పే వరస పుస్తకం గోడ మీద అందరికీ కనపడాలి, లేకపోతే సంఘం ప్రెసిడెంట్ చెక్కే ఎప్పుడూ ముందు ఆరుతుంది. కలప కొనుగోలు, బిల్లులు, లొకేషన్ కాగితాలు చూసుకోడానికి ఒక గుమస్తా, ప్యాకింగ్‌కి వచ్చే ముందు మీటరు పెట్టి చూసి బాగాలేని పీసుని ఎవరిదైనా సరే వెనక్కి పంపే అధికారం ఉన్న ఒక చెకర్, ఆ చెకర్ జీతం కార్ఖానాల దగ్గర కాకుండా సంఘం దగ్గర ఉండాలి. ముప్పై కార్ఖానాలకి ఈ ముగ్గురు మనుషుల మూడేళ్ల జీతం ఒక విదేశీ ఎగ్జిబిషన్ టూరు ఖర్చుతో పోలిస్తే ఏమంత ఎక్కువ కాదు, పథకం రాసేవాళ్లు ముందు ఈ జీతాలకి ఒక పద్దు రాసి దాని కింద డబ్బు పెట్టాలి.